నువ్వుగింజంత నత్తకి ఒక పన్ను

“మా తాతయ్య నోట్లోంచి విజిల్ వస్తోంది!”

అతను తలెత్తాడు. ఎదురుగా నీళ్ళు కారుతున్న గొడుగు, దాన్ని పట్టుకున్న ఒకమ్మాయి, ఆ అమ్మాయి ముఖం నిండా కోపం. బయట వాన దంచికొడుతోంది. లోపల అతని చేతిలో సగం చెక్కిన మైనపు దంతం ఉంది.

“రండి, కూర్చోండి,” అన్నాడు.

“కూర్చోడానికి రాలేదు. మొన్న మీరు చేసిచ్చిన కట్టుడు పళ్ళ సంగతి చెప్పడానికొచ్చాను. ‘స’ అంటే చాలు, విజిల్. నిన్న ‘సాయంత్రం’ అన్నాడు, పక్కింటి కుక్క గోడ దూకి వచ్చేసింది.”

అతనికి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు. ఆపుకోవడం అంతగా కుదరలేదు.

“నవ్వుతున్నారా?”

“అబ్బే లేదండీ! పాపం, కుక్కకి దెబ్బలేమైనా తగిలాయేమోనని ఆలోచిస్తున్నా.”

ఆ వీధిలో అందరూ అతన్ని పళ్ళబ్బాయి అంటారు. ముందుగది వాళ్ళ మేనత్త పళ్ళ క్లినిక్కు, వెనకగది అతని రాజ్యం. డాక్టరత్త ఊడబీకుతుంది, మేనల్లుడు కొత్తవి చేస్తాడు. గదిలో ఎటు చూసినా నవ్వుతున్న పళ్ళ సెట్లే. ఆ నవ్వుల మధ్య ఒక్కరూ నవ్వకుండా నిలబడితే ఎలా ఉంటుందో ఆరోజు అతనికి తెలిసింది. చాలా బాగుంటుంది.

“విజిల్ ఎక్కణ్ణుంచి వస్తోందో వినాలండీ. తాతగారిని ఒకసారి తీసుకురండి.”

“ఆయనకి చూపు లేదు. ఈ వానలో మెట్లు దిగడు.”

“అయితే నేనే వస్తా.”

ముందుగదిలోంచి డాక్టరత్త గొంతు వినిపించింది. “ఒరేయ్, వానలో ఇంటికెళ్ళి సర్వీసు చెయ్యడం మన క్లినిక్కులో ఎప్పుడు మొదలైందిరా?”

“ఇవాళ్టి నుంచే అత్తా!”

*

మేడ మీద రెండు గదుల ఇల్లు. మొదటి గదిలో కిటికీ పక్కన పాత బల్ల ఉంది. తాతయ్య బతుకంతా ఆ బల్ల మీద గడియారాలు బాగుచేశాడు. ఆ పని మానుకున్నాక కూడా చెయ్యి ఊరుకోలేదు. సముద్రపు ఒడ్డు నుంచి ఇసుక తెచ్చి, భూతద్దం కంటికి పెట్టుకుని, సన్నటి కుంచె కొసతో రేణువు రేణువూ పక్కకి తోస్తూ, అందులో చిన్న చిన్న నత్తగుల్లలు ఏరేవాడు. ఆ పిచ్చే మనవరాలికి అంటుకుంది. ఇప్పుడామె మ్యూజియంలో గవ్వల గది చూసుకుంటుంది. తాతయ్యకేమో కళ్ళు పోయాయి. వెలుగూ నీడా తెలుస్తాయి తప్ప ఇంకేమీ ఆనదు.

“తాతగారూ, ‘స’ ఉన్న మాటలు ఏవైనా చెప్పండి. మీకు ఇష్టమైనవి,” అన్నాడు పళ్ళబ్బాయి.

“ఇష్టమైనవా?” తాతయ్య కుర్చీలో సర్దుకున్నాడు. “సముద్రం. సన్నటి ఇసుక. ఆ ఇసుకలో ఒకసారి... సుడులు సుడులుగా...”

ఒక్కో మాటకీ ఒక్కో విజిల్. కింద కుక్క మొరిగింది. అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. కోపంగా వచ్చిన మనిషే ఇప్పుడు నవ్వాపుకోలేక చస్తోందని అతను ఓరకంట కనిపెట్టాడు.

ముందు పళ్ళ వెనకాల కాస్త మైనం అంటించి మళ్ళీ చెప్పించాడు. ఇంకాస్త గీకి మళ్ళీ చెప్పించాడు. చెప్పిందే చెప్పీ చెప్పీ తాతయ్య ఆ ఇసుకలో దొరికిన ఒక నత్త కథ మొత్తం చెప్పేశాడు. కథ అయిపోయేసరికి విజిల్ కూడా పోయింది.

“ఆ నత్త ఎక్కడుందండీ ఇప్పుడు?” అని అడిగాడు ఆమెని.

ఆమె అతన్ని ఒక క్షణం పరీక్షగా చూసింది. తర్వాత రెండో గదిలోకి రమ్మని, దూది కుక్కిన చిన్న గాజుగొట్టం తీసింది. మూత విప్పి, కుంచె కొసని తడి చేసి, ఊపిరి బిగబట్టి దేన్నో ఎత్తి మైక్రోస్కోపు కింద పెట్టింది. అతనికి తెల్ల నువ్వుగింజ లాంటిదేదో కనిపించింది.

“ఇదేనా? దీనికోసమా ఇంత కథ?”

“ముందు చూసి మాట్లాడండి.”

చూశాడు. చూసి మాట్లాడలేకపోయాడు.

గాజులో పాలు కలిపి చేసినట్టున్న తెల్లటి గోపురం. చుట్టు మీద చుట్టు, ఒక్కో చుట్టూ కింది దానికంటే కొంచెం సన్నం. ప్రతి చుట్టు మీదా నిలువునా సన్నటి గీతలు. ఎవరో కూర్చుని తీరిగ్గా మడతలు పెట్టినట్టు ఒక్కటీ వంకర పోలేదు. చుట్టూ చుట్టూ కలిసే చోట అతుకు కనపడుతుందేమోనని వెతికాడు. కనపడలేదు. పళ్ళు చేసేవాడికి అతుకు దాచడం ఎంత కష్టమో తెలుసు.

“ఎవరు చేశారండీ దీన్ని?”

“నత్త.”

“ఏ పనిముట్లతో?”

“ఒంటితో.”

“ఒక పన్ను నున్నగా చెయ్యడానికి నాకు ఓ పూట పడుతుంది. దీనికి చేతులు కూడా లేవు!” అతను మళ్ళీ వంగాడు. “కింద గుమ్మంలా తెరిచున్న చోట ఏదో పొడుచుకొచ్చింది, ఏమిటది?”

“అది పన్ను. గుల్ల మధ్య స్తంభం మీద ఉండే మడత. మేము దాన్ని పన్నే అంటాం. నిజానికి దీని నోట్లో నమలడానికి ఒక్క పన్ను కూడా లేదు. పక్కవాళ్ళ గుల్ల మీద చేరి, సూది లాంటి గొట్టంతో రసం పీల్చుకుని బతుకుతుంది.”

“నోట్లో పళ్ళు లేవా? అయితే మా కస్టమరే!”

ఈసారి ఆమె చున్నీ అడ్డం పెట్టుకోలేదు. పైకే నవ్వింది.

“పైన శిఖరం చూడండి. టోపీ వంకరగా పెట్టుకున్నట్టు లేదూ?”

“అవును. ఒరిగింది.”

“అది దాని చిన్నప్పటి గుల్ల. పిల్లగా నీళ్ళలో తేలుతున్నప్పుడు ఒక వైపుకి చుట్టుకుంటుంది. పెద్దయ్యాక మనసు మార్చుకుని రెండో వైపుకి చుట్టుకుంటుంది. కానీ చిన్నప్పటిదాన్ని పారెయ్యదు. నెత్తిన పెట్టుకునే తిరుగుతుంది.”

చెబుతున్నంతసేపూ ఆమె కళ్ళు మెరిశాయి. ఇంత చిన్నదాన్ని ఇంత ప్రేమగా చూసే మనిషిని అతను ఎన్నడూ చూడలేదు. పొద్దస్తమానం నోళ్ళు చూసే అతనికి ఆ పూట కళ్ళు చూడాలనిపించింది.

ఆమె గొంతు తగ్గించింది. “తాతయ్య మొదట్లో ఈ గొట్టం కంటికి ఆనించుకుని కూర్చునేవాడు. ఇప్పుడది కూడా లేదు. రోజూ పొద్దున్నే పాఠం ఒప్పజెప్పినట్టు దీని చుట్లూ వంపులూ తనలో తను గొణుక్కుంటాడు. ఏదో ఒకరోజు మర్చిపోతానని భయం. నన్ను మాత్రం అడగడు. అడిగితే మర్చిపోయినట్టు ఒప్పుకోవాలి కదా! చేత్తో తడిమి చూద్దామంటే ఇది వేలికి ఆనదు.”

“ఆనేంత పెద్దది చేస్తే?”

ఆమె అతని వైపు తిరిగింది.

“మైనంతో చెక్కి, పళ్ళు చేసే మెటీరియల్‌తోనే పోత పోస్తా. గుప్పిట నిండేంత. గుమ్మంలో పన్నుతో సహా,” అన్నాడు పళ్ళబ్బాయి. అనేశాక, ఇంత పెద్ద మాట ఎందుకన్నానా అని భయపడ్డాడు.

*

రంగు ఎంచడానికి ఆమె గుల్లని తీసుకుని అతని వెనకగది లాబ్‌కి వచ్చింది. పళ్ళ రంగులు పోల్చే పలక ఒకటుంటుంది. దానికి వరసగా శాంపిల్ పళ్ళు తగిలించి ఉంటాయి, ఒక్కోటీ ఒక్కో తెలుపు. ఇద్దరూ ఒకే మైక్రోస్కోపు మీద వంగి, గుల్ల పక్కన పన్ను పెట్టి పోల్చారు.

“ఇది మరీ పసుపు,” అందామె.

“అది కాఫీ తాగేవాళ్ళ రంగు. ఇది చూడండి.”

“ఇది సినిమా యాక్టర్లా ఉంది.”

“అదీ నిజమే.” అతను సొరుగు వెతికి చివరి ముక్క తీశాడు. “ఇది ఎవరూ అడగరు. చిన్నపిల్లల పాలపంటి రంగు.”

పక్కన పెట్టారు. గుల్ల ఏదో పన్ను ఏదో తెలియనంతగా కలిసిపోయింది. ఆమె తలెత్తింది, అతనూ తలెత్తాడు, నుదుళ్ళు ఠక్కున కొట్టుకున్నాయి.

“సారీ!” అన్నారిద్దరూ ఒకేసారి.

ముందుగదిలోంచి డాక్టరత్త: “ఎవరిదైనా పన్ను రాలితే ఇటు పంపరా!”

మర్నాడే ఆమె మ్యూజియం పని మీద వేరే సముద్రపు ఒడ్డుకి కొన్నాళ్ళు వెళ్ళాలి. గుల్ల ఉన్న గాజుపలకని పసిబిడ్డని అప్పగించినట్టు అతని చేతిలో పెట్టింది.

“ఇలాంటిది మళ్ళీ దొరకలేదు మాకు. తాతయ్యకున్నది ఇదొక్కటే. పలక మీద పెట్టే ఇస్తున్నా. చూడండి, అంతే. ముట్టుకోవద్దు. కుంచెతో కూడా వద్దు.”

“తుమ్మను కూడా తుమ్మను.”

“నేనొచ్చేదాకా తొందరపడకండి.”

ఆ చివరి మాట అతను సరిగ్గా వినలేదు. ఆమె కుడిబుగ్గ మీద అంటుకున్న ఇసుక రేణువుని చూస్తున్నాడు మరి.

అసలు చిక్కు ఆమె వెళ్ళాక మొదలైంది. గుల్ల గుమ్మం కిందికి ఉండేలా బోర్లా పడుంది. పైనుంచి చూస్తే వీపే తప్ప ముఖం కనపడదు. ముట్టుకుని తిప్పకూడదు. అతను తల గోక్కున్నాడు. పంటి వెనకాల చూడాలంటే అత్త ఏం చేస్తుంది? కాడకి గుండ్రటి చిన్న అద్దం ఉంటుంది, దాన్ని నోట్లో పెట్టి చూస్తుంది. అతనూ అదే చేశాడు. గాజుపలకని రెండు డబ్బాల మీద ఎత్తిపెట్టి, కిందనుంచి నోటి అద్దం దూర్చాడు. గుమ్మం, గుమ్మంలో పన్ను, గీతలు, వంకర టోపీ, అన్నీ అద్దంలో తళతళా కనిపించాయి. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఇక ఆగలేదు. పళ్ళ పని అయిపోగానే నత్త పని. వేడిచేసిన సన్నగరిటెతో మైనం అద్దుతూ, గీకుతూ, అద్దంలో చూస్తూ చెక్కాడు. ఇంత బాగా అతను ఏదీ చెయ్యలేదు. పోత పోసి, మెరుగు పెట్టి చూసుకుంటే తనకే ముద్దొచ్చింది. ఆమె వచ్చేసరికి తాతయ్య చేతిలో ఇది ఉండాలి, ఆమె గుమ్మంలో నిలబడి చూడాలి, చూసి తన వైపు తిరగాలి. ఈ సీను అతను మనసులో ఎన్నిసార్లు వేసుకున్నాడో లెక్కలేదు.

తీసుకెళ్ళి తాతయ్య చేతుల్లో పెట్టాడు.

తాతయ్య వేళ్ళు గుమ్మం దగ్గర మొదలయ్యాయి. పన్ను తగిలింది, పెదవుల మీదికి నవ్వొచ్చింది. చుట్టు వెంబడి పైకి వెళ్ళాయి. ఆగాయి. వెనక్కొచ్చి మళ్ళీ మొదలుపెట్టాయి. మళ్ళీ అక్కడే ఆగాయి. ఆ నవ్వు మెల్లగా సద్దుమణిగింది.

“ఇది అచ్చం దానిలాగే ఉందా బాబూ?”

“అచ్చం తాతగారూ! మైక్రోస్కోపులో చూస్తూ చెక్కాను. ఒక్క గీత తేడా రాలేదు.”

“అలాగా,” అన్నాడు తాతయ్య. నత్తని ఒళ్ళో పెట్టుకుని, “బాగుంది. చాలా కష్టపడ్డావు,” అన్నాడు.

ఆనందంతో ఆయనకి అంతకంటే మాట రాలేదనుకుని, పళ్ళబ్బాయి మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

*

ఆమె తిరిగొచ్చిన రోజు వాన లేదు, చేతిలో గొడుగు లేదు. ముఖంలో కోపం కూడా లేదు. అదే అతన్ని భయపెట్టింది.

టవల్లో చుట్టి తెచ్చిన నత్తని బల్ల మీద పెట్టింది.

“మా తాతయ్య పొద్దున్న పాఠం మానేశాడు,” అంది.

“ఎందుకు?”

“‘ఇన్నాళ్ళూ తప్పు పాఠం చదివానే, కళ్ళతోపాటు బుర్ర కూడా పోయింది’ అంటున్నాడు. ఆయన గుర్తులో నత్త కుడికి తిరుగుతుంది. మీరు చేసింది ఎడమకి తిరుగుతోంది. పైన టోపీ అటుండాల్సింది ఇటుంది. అంతా తిరగబడింది. నేను రాగానే చెప్పాను, నీదే కరెక్టు తాతయ్యా, అతనే తప్పు చేశాడని. నమ్మడే! ‘నన్ను ఓదార్చడానికి అంటున్నావు. ఆ అబ్బాయి మైక్రోస్కోపులో చూసి చెక్కాడు, అచ్చం అన్నాడు’ అంటాడు.”

అతను మైక్రోస్కోపు దగ్గరికి పరిగెత్తాడు. అద్దం తీసేసి, వంగి, బోర్లా పడున్న గుల్లని ఉన్నదున్నట్టు చూశాడు. తర్వాత తను చేసినదాన్ని దాని పక్కనే బోర్లా పెట్టి చూశాడు. రెండూ ఎదురెదురు వైపులకి తిరుగుతున్నాయి.

“నేనొచ్చేదాకా తొందరపడకండి అన్నానా లేదా?”

“అన్నారు.”

“ఇంత అందంగా చేసి...” ఆమె పెద్ద నత్తని చేతిలోకి తీసుకుంది. “మామూలుగా చేసుంటే ఎవరో పిల్లాడు చేశాడనుకుని పక్కన పెట్టేసేవాడు. ఇంత బాగా చేశారు కాబట్టే నమ్మాడు. మీ మీదున్న నమ్మకంతో తన మీద నమ్మకం పోగొట్టుకున్నాడు.”

గాజుగొట్టంలోకి గుల్లని భద్రంగా ఎత్తుకుంది, పెద్ద నత్తని మళ్ళీ టవల్లో చుట్టుకుంది. “ఇంక మీరు శ్రమ పడొద్దండీ,” అని వెళ్ళిపోయింది. ఆ ‘అండీ’ అతనికి తలుపు వేసిన చప్పుడులా వినిపించింది.

డాక్టరత్త ముందుగదిలోంచి వచ్చి గాజుపలకనీ డబ్బాలనీ నోటి అద్దాన్నీ చూసింది. జరిగిందేమిటో ఆవిడకి ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

“అద్దంలో చూసి చెక్కావా? ఓరి వెర్రినాగన్నా! నేను ఇన్నేళ్ళుగా అద్దంలో చూస్తూ పని చేస్తున్నా కాబట్టి నా చెయ్యి దానంతటదే తిరగేసుకుంటుంది. నువ్వు అచ్చులు చూసి చేసేవాడివి, నీకా అలవాటెక్కడిది?”

“ఇప్పుడేం చెయ్యనత్తా?”

“నన్నడుగుతావేం? నమ్మకం పోయింది ఎవరికి?”

“ఆయనకి.”

“మరి ఇక్కడ నా మొహం చూస్తూ కూర్చున్నావేంరా?”

అతను నోటి అద్దాన్ని జేబులో వేసుకున్నాడు.

*

తాతయ్య కిటికీ పక్కన ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడు వినగానే, “పళ్ళు బాగానే ఉన్నాయి బాబూ,” అన్నాడు.

“తాతగారూ, మీరు మర్చిపోలేదు. నేనే తప్పు చేశాను.”

“అమ్మాయి పంపిందా?”

“లేదండీ. ఆవిడ నన్ను రావద్దన్నారు.”

“మీరందరూ మంచివాళ్ళు,” అన్నాడు తాతయ్య, కిటికీ వైపు తల తిప్పుకుంటూ. ఆ గొంతులో ఇంక వినేదేమీ లేదన్నట్టుంది.

పళ్ళబ్బాయి జేబు తడుముకున్నాడు. చూపు లేని మనిషికి అద్దం సంగతి ఎలా చూపించాలి? జేబులోంచి నోటి అద్దం తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. తాతయ్య కాడ తడిమాడు. చివర గుండ్రటి గాజు మీద బొటనవేలు ఆగింది.

“ఏమిటిది?”

“పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టే అద్దమండీ. నత్త బోర్లా పడుంది, ముట్టుకోవద్దన్నారు. ముఖం కనపడలేదు. ఇది కిందనుంచి దూర్చి, దీంట్లో చూసి చెక్కాను. మొత్తం దీంట్లో చూసే చెక్కాను.”

తాతయ్య బొటనవేలు అద్దం మీద కదలకుండా ఉండిపోయింది.

“అద్దంలోనా?”

“అద్దంలోనే.”

“సెలూన్ కుర్చీలో కూర్చుని అద్దంలో గోడ గడియారం చూశావా ఎప్పుడైనా?”

“చూశానండీ.”

“ముల్లు ఎటు తిరుగుతుంది?”

“వెనక్కి.”

“వెనక్కే కదరా తిరిగేది!” తాతయ్య కుర్చీలోంచి లేచాడు. “నా నత్తని శిఖరం మీదనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టే చుట్టు దిగుతుంది. రోజూ అదే చెప్పుకున్నాను నేను! నువ్వు తెచ్చిచ్చింది వెనక్కి నడిచే గడియారం! ఓదార్చడానికొచ్చినవాడు ఇంత తెలివితక్కువ అబద్ధం ఆడడు. ఇది నిజమే! మళ్ళీ చెప్పు!”

“మీరు మర్చిపోలేదు తాతగారూ.”

“మళ్ళీ!”

“మీరు మర్చిపోలేదు. నేనే వెధవపని చేశాను.”

తాతయ్య నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. పళ్ళబ్బాయి చెయ్యి పట్టుకుని, “నువ్వు నాకు నత్తనివ్వకపోయినా ఫరవాలేదురా. నా తల నాకు తిరిగిచ్చావు,” అన్నాడు. పళ్ళబ్బాయికి కూడా కన్నీళ్ళు ఆగలేదు.

“కాదు తాతగారూ. నత్తని కూడా ఇస్తాను. ఈసారి అద్దంలో చూడను. మీరు చెప్పండి, నేను చెక్కుతా.”

మ్యూజియం నుంచి ఆమె వచ్చేసరికి గడియారాల బల్ల మీద చిన్న దీపం, మైనం, సన్నగరిటె ఉన్నాయి. తాతయ్య మైనపు ముద్ద మీద వేళ్ళు పెట్టి, “రెండో చుట్టుకి ఇంకాస్త పొట్ట రావాలి,” అంటున్నాడు. పళ్ళబ్బాయి మైనం అద్దుతున్నాడు. చాలాకాలం తర్వాత తాతయ్య గొంతులో పనివాడి దర్జా వినిపించింది.

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. ఎంతసేపు నిలబడిందో ఇద్దరికీ తెలియదు. తర్వాత రెండో గదిలోంచి మైక్రోస్కోపు తెచ్చి బల్ల చివర పెట్టి, గుల్లని కుంచెతో వెల్లకిలా తిప్పి, కూర్చుంది.

“పొట్ట సరిపోయింది,” అంది, మైక్రోస్కోపులోంచి తలెత్తకుండా. “గీతలు మాత్రం అతుకు దాకా రావాలి. మీరు మధ్యలో ఆపేశారు.”

“ఆపలేదండీ, ఊపిరి పీల్చుకుంటున్నా.”

“పీల్చుకోండి. తుమ్మొద్దు.”

తాతయ్య మీసాల్లో నవ్వుకున్నాడు.

అలా ముగ్గురూ రోజూ సాయంత్రం కూర్చున్నారు. ఆమె కళ్ళు, తాతయ్య వేళ్ళు, అతని చేతులు. ఆమె ఒకటి చూసి చెబుతుంది, తాతయ్య ఒకటి గుర్తుచేసుకుని చెబుతాడు, రెండూ ఒకటేనని తేలినప్పుడల్లా తాతయ్య బల్ల మీద దరువేస్తాడు. శిఖరం మీద వంకర టోపీ దగ్గర మాత్రం పని నాలుగుసార్లు పాడైంది.

“ఇంత చిన్న మలుపు దగ్గరే ఎందుకింత కష్టం?” అని విసుక్కున్నాడతను.

“అక్కడే కదా అది దిగింది,” అన్నాడు తాతయ్య. “పిల్ల నత్తకి చోటంటూ ఉండదు. కెరటం ఎటు తోస్తే అటు. తేలుతున్నంతసేపూ ఎడమకి చుట్టుకుంటుంది. ఒకరోజు ఎక్కడో అడుగు ఆనుతుంది. ఇంక ఇదే నా చోటు అనుకుంటుంది. అక్కణ్ణుంచి కుడికి.”

అతను మైనం వైపు చూడలేదు. బల్ల చివర వంగి ఉన్న తలని చూశాడు. ఆమె మైక్రోస్కోపులోంచి తలెత్తలేదు గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

పోత పోసి మెరుగు పెట్టిన పాలపంటి రంగు నత్తని తాతయ్య రెండు చేతులతో అందుకున్నాడు. గుమ్మం. పన్ను. చుట్టు వెంబడి పైకి. ఈసారి వేళ్ళు ఎక్కడా ఆగలేదు. శిఖరం దాకా వెళ్ళి, టోపీ మీద చూపుడువేలు మెల్లగా రెండో వైపుకి తిరిగింది.

“ఇదిగో,” అన్నాడు. “ఇదే. చూశానే, చూశాను!”

ఆమె తాతయ్య భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పళ్ళబ్బాయి చప్పుడు చెయ్యకుండా సామాన్లు సర్దుకుని మెట్లు దిగిపోయాడు. ఆ సమయంలో తనకక్కడ పని లేదనుకున్నాడు.

*

తర్వాత నిజంగానే పని లేకుండా పోయింది. పళ్ళు సరిగ్గా ఉన్నాయి, నత్త సరిగ్గా ఉంది. మేడ మీదికి వెళ్ళడానికి ఒక్క కారణం మిగల్లేదు. ఎవరికో ముందు పన్ను చెయ్యాల్సింది దవడ పన్ను చేసి పెట్టాడు. డాక్టరత్త అది చూసి తల పట్టుకుంది.

వాన మళ్ళీ మొదలైన సాయంత్రం ఫోన్ మోగింది.

“మా తాతయ్య నోట్లోంచి మళ్ళీ విజిల్ వస్తోంది,” అంది ఆమె గొంతు.

“వస్తున్నా!”

గొడుగు మర్చిపోయి పరిగెత్తాడు. తడిసి ముద్దై మెట్లెక్కి, రొప్పుతూ తాతయ్య ముందు కూర్చున్నాడు.

“తాతగారూ, ‘స’ చెప్పండి.”

“సముద్రం. సన్నటి ఇసుక. సాయంత్రం. సంతోషం,” అన్నాడు తాతయ్య. గాలి చప్పుడు కూడా రాలేదు. కింద కుక్క హాయిగా పడుకునుంది.

అతను అయోమయంగా ఆమె వైపు తిరిగాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

“నన్ను చూడకు బాబూ, నాకేం తెలీదు,” అన్నాడు తాతయ్య. “విజిల్ వస్తోందని నా పళ్ళ మీద పొద్దున్నుంచీ నింద వేస్తోంది ఈ పిల్ల. మీ అత్తయ్యగారికి కూడా ఫోన్ చేసి చెప్పాను, పళ్ళలో లోపం లేదు, లోపం వేరే చోట ఉందని. వాళ్ళిద్దర్నీ తేల్చుకోమనండి, మిగతాది మనం చూసుకుందాం అందావిడ.” నత్తని గుండెకి ఆనించుకుని, గోడ పట్టుకుని మెల్లగా రెండో గదిలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు చూశాడతను. గడియారాల బల్ల చివర, మైక్రోస్కోపు పక్కన, మొదటి నత్త ఉంది. తను అద్దంలో చూసి చెక్కిన తప్పుడు నత్త.

“దీన్ని ఇంకా పారెయ్యలేదా?”

“ఎందుకు పారేస్తా? సరైనది తాతయ్యది. తప్పుడుది నాది. ఎవరికీ ఇవ్వను.”

“తిరగబడిందండీ అది.”

“తిరగబడితేనేం? నేను పొమ్మన్నాక కూడా, తప్పు నాదే అని చెప్పడానికి ఒక మనిషి ఈ మెట్లెక్కాడు. దీన్ని చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.”

అతను తడి జుట్టు వెనక్కి తోసుకున్నాడు. “నేనొకటి చెప్పాలండీ. నేను కూడా ఇన్నాళ్ళూ ఎటు తోస్తే అటు తేలుతూ ఉన్నాను. మీరు గొడుగేసుకుని వచ్చి తిట్టిన రోజే... దిగిపోయాను.”

ఆమె కిటికీ దగ్గర్నుంచి వచ్చింది. మంచం మీది టవల్ తీసింది. మొదటి నత్తని చుట్టి తెచ్చిన టవలే అది.

“తల తుడుచుకో,” అంది. “పూర్తిగా తడిసిపోయావు.”

ఇన్నాళ్ళూ ఆమె నోట ఉన్న ‘మీరు’ ఎక్కడా వినపడలేదు. అతను టవల్ అందుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు. చివరికి ఆమే తుడిచింది.

లోపలి గదిలోంచి పొడుగ్గా ఒక విజిల్ వినిపించింది. కింద కుక్క ఒక్క గెంతులో గోడ దూకింది. ఈసారి తప్పు పళ్ళది కాదు.